అడ్డపొగ

మద్దిలపాలెం కూడలిలో కానిస్టేబుల్
నా సంచి తెరిపించాడు.
గాజుగుడ్డ, దూది, చేతితొడుగులు,
గోధుమరంగు సీసాలో తెల్ల బిళ్ళలు.
మార్ఫిన్ అన్నాను.
ఆ మాటకి లాఠీ కొంచెం పైకి లేచింది.
ఉత్తరం చూపించాను, ముద్ర చూపించాను,
రిజిస్టర్ విప్పి చూపించాను:
ఎవరికి, ఎన్ని, ఏ తేదీ.
ఆరడుగుల దూరం నుంచే చదివాడు.
"కరోనా టైములో కూడా ఉంటాదేటమ్మా క్యాన్సరు?"
ఎగతాళి కాదు.
నిజంగానే అడిగాడు.

లాసన్స్ బే మలుపు తిరిగితే
మనిషి లేని సముద్రం.
వేట నిషేధం ఒకవైపు, లాక్‌డౌన్ ఒకవైపు
పట్టుకుని
పడవలన్నిటినీ ఇసక మీదికి ఈడ్చేశాయి.

తెడ్డు ఎల్లాజమ్మ, అరవై రెండేళ్ళు, పెదజాలారిపేట.
నలభై ఏళ్ళు చుట్ట నిప్పుని నోట్లోపలికి తిప్పి కాల్చింది,
కడలిగాలికి ఆరిపోకుండా,
చేపలబుట్ట పట్టుకునే చేతులకి అడ్డం రాకుండా.
అంగిట్లో మొదలైంది.
ఇప్పుడు దవడ దాటి వెలుగులోకి వచ్చేసింది.
మాట ముద్దగా వస్తే
కూతురు పైడితల్లి విప్పి చెబుతుంది.

పుండు కడిగి, బిళ్ళ నూరిన పొడి చల్లుతాను.
రెండు మాస్కుల్లోంచి కూడా వాసన.
ఆవిడకి తెలుసు.
నా కళ్ళు ముడుచుకుంటాయేమోనని చూస్తుంది.
నాలో కళ్ళు తప్ప ఇంకేం కనబడుతుంది కనక,
వాటికే కాపలా కాస్తాను.

"రెండేళ్ళు కొంగు కప్పుకుని తిరిగినాను.
గుంటలు నన్ను సూసి పారిపోయేవోరు.
ఇప్పుడేటి, ఊరందరి మూతికీ గుడ్డే,
కలెట్రుకి కూడానట!
నా సిగ్గు సగం పోనాది."
నవ్వు ఎడమవైపు ఒక్కటే వచ్చింది.

అల్లుడు వీరావల్ రేవులో ఇరుక్కున్నాడు,
బోటు దిగనివ్వట్లేదు.
ఫోన్ స్పీకర్లో పెడితే
అక్కడి కెరటం మీద ఇక్కడి కెరటం పడి
ఎవరి మాటా వినబడలేదు.
అలాగే కాసేపు ఉంచారు.

చెయ్యి పట్టుకోవడం మా చదువులో మొదటి పాఠం.
రబ్బరు తొడుగుతో పట్టుకున్నాను.
"ఐసులో సేపలాగుంది నీ సెయ్యి," అంది.
ఇంకోరోజు,
"ఓపాలి మూతి సూపించవే."

బయట ఇసకలో, మంచానికి ఎదురుగా,
గుమ్మంలోంచి కనబడేంత దూరంలో నిలబడి
మాస్కు గడ్డం కిందికి లాగాను.
చెవుల వెనక మంట. పెదాల మీద ఉప్పు.
చాలాసేపు చూసింది, చేప కొనేముందు చూసినట్టు.
"ఓలమ్మ, ఇంత సిన్నగుంటవేటి!
ముక్కుపుడక కూడాను!"

జూన్‌లో, తెల్లారకముందే ఫోన్.
నేను వెళ్ళేసరికి
మోసేవాళ్ళు నలుగురూ వీధిలోనే ఆగిపోయి ఉన్నారు.
కాగితం కావాలి.
డాక్టరుగారు పంపిన చీటీ నా ఫోన్లో చూపించాను.
ఒకడు కూడబలుక్కుని చదివి
వెనక్కి తిరిగి కేకేశాడు:
"క్యాన్సరేనర్రా! బయం నేదు, రండి!"

ఆ మాటకి పైడితల్లి
ఏడుపు ఆపి నా వంక చూసింది.

మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టాలి.
ఏడ్చే ఇంట్లో నేలమీద కూర్చుని
రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండు.
వాపసు: పదకొండు.
కారణం అనే గడిలో అరంగుళం చోటు.
నొప్పి లేదు, అని రాశాను.

సాయంత్రం ఆఫీసులో డాక్టరుగారు
దాన్ని ఒక గీతతో కొట్టేసి
మరణం, అని దిద్దారు.
దిద్దుబాటు పక్కన సంతకం పెట్టమన్నారు.
పెట్టాను.
గీత కింద నా అక్షరాలు
ఇంకా చదవడానికి వస్తున్నాయి.